అట్టపెట్టెతో సహా అమ్మిన ఎస్2000

హైదరాబాదుకు తిరిగి వెళ్లిపోవాలని నిశ్చయించుకున్నాక, టెక్సస్‌లోని ప్లేనో పట్టణంలో ఉన్న మా ఇంట్లో ఏ వస్తువును వెంట తీసుకువెళ్లాలి, దేన్ని అమ్మాలి అన్న చర్చ చాలా రోజులు నడిచింది గానీ, కారు విషయంలో చర్చకు తావే లేకపోయింది. వాడిన కారును భారతదేశానికి దిగుమతి చేసుకోవాలంటే అది మూడేళ్లకు మించి పాతది కాకూడదు, స్టీరింగు కుడివైపున ఉండాలి. నాది 2006 నాటి హోండా ఎస్2000, పైకప్పు మడిచే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, స్టీరింగు ఎడమవైపు.

డీలరుకు ఇస్తే ఒక పూటలో పని అయిపోయేది. కానీ డీలరు చూసేది సంవత్సరం, మైలేజీ, ప్రమాద చరిత్ర మాత్రమే. వాల్వుల క్లియరెన్సు సరిచేయించానని, చలి ఉదయాల్లో గరగరలాడే టైమింగ్ చైను టెన్షనరును మార్పించానని, వెనుక యాక్సిల్ నట్లను తిరిగి బిగించి టిక్కుమనే చప్పుడును పోగొట్టానని చెబితే వినడానికి అక్కడ ఎవరికీ తీరిక ఉండదు. ఆ మాటల విలువ తెలిసినవాడు దొరికేదాకా ఆగాలనుకుని, నేనే అమ్ముకోవడానికి సిద్ధపడ్డాను.

నేను చేయించిన మార్పులు మూడే: కారును అంగుళం కిందికి దించే స్ప్రింగులు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరు తరువాత మొదలయ్యే ఎగ్జాస్టు గొట్టం, ఎండలో చేయి కాల్చని ప్లాస్టిక్ గేరు నాబు. వీటికి పెట్టిన డబ్బు తిరిగి వస్తుందని ఆశించేవారికి నాదొక మాట: రాదు. పైగా మార్పులను చూడగానే, దీన్ని నడిపినవాడు ఎలా నడిపాడో అన్న అనుమానం కొనేవాడికి కలుగుతుంది. అందుకని ఒక శనివారం కారును జాకీల మీద నిలిపి, పదకొండేళ్లుగా గ్యారేజీ అటక మీద ఉన్న కంపెనీ ఎగ్జాస్టును తిరిగి బిగించాను. తుప్పు పట్టిన రెండు బోల్టుల దగ్గరే మూడు గంటలు గడిచాయి. స్ప్రింగులను మాత్రం అలాగే ఉంచి, అసలువాటిని, వాటితో వచ్చిన షాక్ అబ్జార్బర్లను ఒక పెద్ద అట్టపెట్టెలో సర్ది, కారుతోపాటు ఇస్తానని ప్రకటనలో రాశాను. అదే ప్రకటనలో లోపాలను ముందుగా రాశాను: గుడ్డ టాపు మడత దగ్గర రెండంగుళాల అతుకు, పార్కింగులో ఎవరో గుద్దిపోతే మార్చిన, కుడి ముందు చక్రం మీది ఫెండరు రేకు, చలికి క్లచ్ పెడల్ నుంచి వచ్చే సన్నని రొద.

27,500 డాలర్లని ధర పెట్టిన గంటలోపే సందేశాలు మొదలయ్యాయి. ఫలానా వెబ్‌సైటులోనే వాహన చరిత్ర నివేదికను కొని పంపమన్నవాళ్లకు జవాబివ్వలేదు. ఆ నివేదిక రుసుము కోసమే నడిచే మోసమది. ఇర్వింగ్ అనే ఊరి నుంచి ఒక తెలుగు కుర్రవాడు కారును చూడకుండానే, “అన్నా, మనవాళ్లమే కదా, ఇరవైకి ఇచ్చేయండి” అన్నాడు. వచ్చి చూశాక మాట్లాడుకుందాం తమ్ముడూ అన్నాను. రాలేదు.

వచ్చినవారిలో ఇద్దరికి మాత్రమే తాళం చేతికిచ్చాను, అదీ లైసెన్సు, బీమా చూసి, మొదట నేను నడిపి చూపించిన తరువాత. ఈ ఇంజను దాటకూడని వేగాన్ని చూపే ఎర్రగీత 8,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఉంటుంది. నాలుగో గేరు నుంచి ఐదుకు వెళ్లబోయి పొరపాటున మూడులో వేస్తే, ఏ ఎలక్ట్రానిక్ కట్టడీ కాపాడలేని వేగంతో ఇంజను తిరిగి వాల్వులు దెబ్బతింటాయి. ఆ భయంతో పక్క సీటులో నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

చివరికి కొన్నది యాభై దాటిన ఒక మెకానిక్. ఇంజనును ముందుగా వేడి చేసి ఉంచవద్దని ఫోనులోనే కోరి, ఉదయం ఏడింటికి టార్చిలైటుతో వచ్చారు. బానెట్ మీద చేయి పెట్టి చల్లగా ఉందని నిర్ధారించుకున్నాకే స్టార్టు చేయమన్నారు. తరువాత బానెట్ లోపల, తలుపుల అంచున, డిక్కీ మూతకు, బంపర్లకు ఉండే వాహన గుర్తింపు సంఖ్య స్టిక్కర్లను ఒక్కొక్కటిగా చదివారు. అసలు భాగాన్ని మారిస్తే ఆ స్టిక్కరు కూడా పోతుంది కాబట్టి, ఈ కారు కొనేవాళ్లు మొదట వెతికేది వాటినే. కుడి ఫెండరు దగ్గర ఆగి ఆయన తల పైకెత్తేసరికి, నేను బాడీ షాపు బిల్లు అందించాను. ఆ తరువాత ఆయన బేరం మొత్తం గుడ్డ టాపు చుట్టూనే తిరిగింది, 26,200కు కుదిరింది.

డబ్బు విషయంలో ఆయన బ్యాంకు శాఖకే వెళ్లి, నా కళ్లముందే, బ్యాంకే హామీ ఇచ్చే క్యాషియర్స్ చెక్కు రాయించుకున్నాము. అక్కడి నుంచి నేరుగా కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి, టైటిల్ (యాజమాన్య పత్రం) మీద, దాన్ని కొనేవారి పేరుకు మార్చే 130-యూ దరఖాస్తు మీద సంతకాలు చేసి, ఆయన 6.25 శాతం పన్ను కట్టేదాకా పక్కనే ఉన్నాను. 2010, అంతకు ముందు మోడళ్లకు ఎన్ని మైళ్లు తిరిగిందో తెలిపే ఓడోమీటరు ప్రకటన తప్పనిసరి కాకపోయినా, 74,310 మైళ్లని అమ్మకపు రసీదులో రాసి ఇచ్చాను. నంబరు ప్లేట్లను విప్పుకుని, వాహన బదిలీ నోటీసు దాఖలు చేశాకే బీమా రద్దు చేసుకున్నాను.

తీరా చూస్తే అట్టపెట్టె ఆ కారు డిక్కీలో పట్టలేదు. పక్క సీటులో పెట్టి చూశాము, తలుపు పడలేదు. మరుసటి శనివారం ఆయన పికప్ ట్రక్కులో తిరిగి వచ్చి, పెట్టెను ఎక్కించే ముందు మూత తెరిచి, స్ప్రింగులను నాలుగూ లెక్కపెట్టుకుని మరీ తీసుకువెళ్లారు.