అద్దంలో కొబ్బరిచెట్లు

సంక్రాంతి వెళ్లిన వారానికి రాజమండ్రిలో రైలు దిగాను. ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా బొబ్బర్లంక చేరి, అక్కడి నుంచి కాలువ వెంట ఆత్రేయపురం వైపు సాగాను. లొల్ల లాకుల దగ్గర టీకి ఆగితే కదలబుద్ధి కాలేదు. చుట్టూ దాళ్వా, అంటే రెండో పంట వరి, నాట్లు పడుతున్నాయి. నారు ఇంకా నీటిపైకి బెత్తెడే లేచింది కాబట్టి ప్రతి మడిలోనూ ఆకాశం, తలకిందులైన కొబ్బరిచెట్లు నిండుగా ఉన్నాయి.

నేను వచ్చింది మాత్రం కార్ల కోసం. రావులపాలెం దాటాక ఒక రైతు తన బీడు నేలలో ఒకటిన్నర కిలోమీటర్ల మట్టిబాట చదును చేయించారు. కారు ర్యాలీ పందేలంటే ప్రాణమిచ్చే ఆయన కొడుకు, అతని స్నేహితులు కలిసి డజను కార్లు తెచ్చారు. ఒక కారు చుట్టు పూర్తిచేశాకే ఇంకొకటి బయలుదేరుతుంది. ఎవరికి తక్కువ సమయం పడితే వారు గెలిచినట్టు.

మొదటి గంటలో తీసిన ఫొటోలను రైతుగారికి కెమెరా తెర మీద చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"దుమ్ము బాగా వచ్చిందండీ. కానీ అద్దంలో కొబ్బరిచెట్లే ఉన్నాయి. మా అబ్బాయి ఎక్కడున్నాడండీ?"

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. కారు వేగాన్ని పట్టుకున్నాననుకున్నాను గానీ, దాన్ని నడిపే మనిషినే వదిలేశాను. ముందు అద్దం నిండా తెల్లటి ఆకాశం, దానిమీద మట్టల నీడలు.

సంచిలో పోలరైజింగ్ ఫిల్టర్ ఉంది, లెన్సు ముందు బిగించి తిప్పుకునే గాజు బిళ్ల. కొండలకూ మేఘాలకూ తప్ప అప్పటిదాకా దాన్ని వాడలేదు. గాజు, నీరు, కారు రంగు మీది పూత, వీటిపై ఏటవాలుగా పడి తిరిగొచ్చే వెలుగు ఎక్కువగా ఒకే దిశలో కంపిస్తుంది. ఫిల్టర్ చట్రాన్ని తిప్పి ఆ దిశకు అడ్డుపెడితే మెరుపు అణగి, వెనుక ఉన్నది కనిపిస్తుంది. ఈ పనికి వాడే పలుచని రేకును 1920లలో తయారుచేసిన అమెరికా ఆవిష్కర్త ఎడ్విన్ లాండ్ మనసులో ఉన్నది కూడా కార్లే. ఎదురుగా వచ్చే హెడ్‌లైట్ల మిరుమిట్లు తగ్గించాలన్నది ఆయన ఆశ.

అయితే మలుపు దగ్గర కారు నా ముందుండేది రెండు క్షణాలు. అంతలో చట్రం తిప్పేదెప్పుడు, ఫోకస్ పట్టేదెప్పుడు? ముందే తిప్పి ఉంచాలంటే ఎదురుగా కారు లేదు. దిక్కుతోచక చట్రం తిప్పుతూ ఉంటే, బాట పక్కన ఉన్న మడిలో నీళ్లు ఒక్కసారిగా మాయమయ్యాయి. నారు మొదళ్లు, వాటి కింద ఒండ్రు, నాటిన వేళ్ల గుంటలు తేటగా కనిపించాయి.

ఆ మడే నాకు కొలబద్ద అయింది. నీరు నేల మీద పడుకుని ఉంటుంది. ముందు అద్దం వెనక్కి వాలి, నీటిలాగే పైనున్న ఆకాశాన్ని మన వైపు పంపుతుంది. అందుకే ఎదురుగా చూసినప్పుడు ఆ రెండింటి మెరుపూ అడ్డంగానే కంపిస్తుంది. మడిలో అడుగు కనిపించేదాకా తిప్పి వదిలేస్తే, వచ్చే కారు అద్దం కూడా తేటపడుతుంది. కెమెరాను నిలువుగా పట్టుకుంటే మాత్రం చట్రాన్ని మళ్లీ తిప్పుకోవాలి.

తర్వాతి చుట్టులో రైతుగారి అబ్బాయి పాత స్విఫ్ట్‌లో వచ్చాడు. హెల్మెట్ కింద కళ్లు, స్టీరింగ్ మీద వేళ్లు అన్నీ దక్కాయి. వెనకే వచ్చిన జీపులాంటి జిప్సీకి అంత ఫలితం రాలేదు. గాజు మెరుపు బాగా అణగాలంటే, దానికి లంబంగా గీసిన గీతతో మన చూపు దాదాపు 56 డిగ్రీల కోణం చేయాలి. బాగా వాలిన స్విఫ్ట్ అద్దం ఆ కోణానికి దగ్గరగా వస్తుంది, నిటారుగా నిలిచే జిప్సీ అద్దం రాదు. పక్క అద్దాల సంగతి ఇంకా మొండిది. అవి నిలువుగా ఉంటాయి కాబట్టి ఏటవాలుగా చూసినప్పుడు వాటి మెరుపు నిలువుగా కంపిస్తుంది. ముందు అద్దం తేటపడితే అవి మెరుస్తూనే ఉంటాయి. రెండూ కావాలనుకోవడం అత్యాశ. నేను మనిషి ముఖాన్నే ఎంచుకున్నాను.

ఎండ ముదిరాక ఫిల్టర్ మరో విధంగా అక్కరకొచ్చింది. చక్రాలు తిరుగుతున్నట్టు, వెనుక చెట్లు గీతల్లా సాగినట్టు రావాలంటే కెమెరాను కారుతో పాటు తిప్పుతూ షట్టర్‌ను సెకనులో 30వ వంతు సేపు తెరిచి తీయాలి. మిట్టమధ్యాహ్నం వెలుగుకు స్పందించే గుణాన్ని తగ్గించి ఐఎస్ఓ 100 పెట్టినా, అప్పుడు లెన్సు రంధ్రాన్ని (ఎపర్చర్) బాగా చిన్నదైన ఎఫ్/32 దాకా మూయాల్సి వస్తుంది, చాలా లెన్సులకు అది ఉండదు కూడా. ఫిల్టర్ రెండు స్టాపుల వెలుగును, అంటే నాలుగింట మూడు వంతులను, మింగడంతో అంతకంటే పెద్ద రంధ్రమైన ఎఫ్/16తో సరిపోయింది. బానెట్ మీది తెల్లటి మెరుపు తగ్గి, నీలం రంగు చిక్కబడింది. మెరుపును పూర్తిగా చంపకూడదని కూడా అక్కడే తెలిసింది. అది బొత్తిగా పోతే కారు వంపులు తెలియక అట్టముక్కలా ఉంటుంది. అందుకే చట్రాన్ని కొద్దిగా వెనక్కి తిప్పి ఉంచాను.

నాకు అన్నిటికంటే నచ్చింది దూరపు మడులు. దగ్గరి నీళ్లలో అడుగు కనిపిస్తున్నా, చూపు బాగా వాలుగా తాకే దూరపు నీళ్లలో కొబ్బరిచెట్లు చెదరలేదు. ఒకే ఫొటోలో ముందు ఒండ్రు, మధ్యలో కారు, వెనుక తలకిందులైన తోట.

సాయంత్రం ఆ ఫొటో చూపించగానే రైతుగారు తెరను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నారు.

"నాలుక కరిచిపట్టుకున్నాడండీ వీడు! పలక మీద అక్షరాలు దిద్దేటప్పుడూ ఇంతే." తర్వాత ఇంట్లోకి కేకవేసి భార్యను పిలిచారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చేలోగా వెలుగు తగ్గిపోతోందని ఫిల్టర్ విప్పి జేబులో వేసుకున్నాను.