ఫైర్‌ఫ్లై ఎక్కడ మొదలుపెట్టాలి?

అంతరిక్షంలో సాగే అమెరికన్ టీవీ సిరీస్ ఫైర్‌ఫ్లై చూడబోతున్నారా? ముందు ఎపిసోడ్ల వరస సరిచూసుకోండి. 2002 సెప్టెంబర్ 20న ఫాక్స్ ఛానల్ మొదట వేసింది ‘ద ట్రెయిన్ జాబ్’. అసలు పైలట్, అంటే కథ మొదలయ్యే రెండు గంటల ఎపిసోడ్ ‘సెరెనిటీ’, డిసెంబర్ 20న గానీ రాలేదు. అప్పటికే ఫాక్స్ సిరీస్‌ని రద్దు చేసేసింది!

సెరెనిటీ లోయ యుద్ధంలో ఓడ కెప్టెన్ మాల్ ఓటమి, డాక్టర్ సైమన్ పెట్టెలో దాచి తెచ్చిన చెల్లెలు రివర్, అన్నీ ఆ పైలట్‌లోనే ఉన్నాయి. అది చూడకపోతే మాల్ మొండితనం వట్టి పొగరులా కనిపిస్తుంది. ‘ట్రెయిన్ జాబ్’ని తొలి ఎపిసోడ్‌గా వేసేందుకు సిరీస్ సృష్టికర్త జాస్ వీడన్, రచయిత టిమ్ మినియర్ ఒక్క వారాంతంలో రాసిచ్చారు, అందుకే మొదట్లో మాటల నిండా పరిచయాలే. దోచిన పెట్టెల్లో మందులున్నాయని తెలిసి తిరిగిచ్చేసే ఘట్టం మాత్రం గట్టిది.

అన్నట్టు, 2005 సినిమా పేరు కూడా సెరెనిటీయే. పొరపాటున ముందు దాన్ని పెట్టుకోకండి, మొత్తం 14 ఎపిసోడ్ల తర్వాతి కథ అది.