85 ఎంఎం: ఎఫ్/1.8 చాలా, ఎఫ్/1.4 కావాలా? నా అనుభవం

పోర్ట్రెయిట్‌లకు 85 ఎంఎం లెన్స్ కొనాలన్న నిర్ణయం సులువుగానే అయిపోయింది. నాది ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్న) కెమెరా బాడీ. 50 ఎంఎం లెన్స్‌తో తల, భుజాల వరకు తీయాలంటే మనిషి మీదమీదకు వెళ్లాల్సి వస్తోంది, ముక్కు ఉన్నదానికంటే పెద్దగా పడుతోంది. (అది లెన్స్ వల్ల కాదు, దూరం వల్ల. అంత దగ్గర నుంచి ఏ లెన్స్‌తో తీసినా ముక్కు ముందుకొస్తుంది. 85 చేసే మేలల్లా అదే ఫ్రేమ్ కోసం మనల్ని కాస్త వెనక్కి నిలబెట్టడం.) చిక్కంతా ఆ తర్వాతే. ఒకే కంపెనీలో రెండు 85లు ఉన్నాయి, ఒకటి ఎఫ్/1.8, ఇంకోటి ఎఫ్/1.4. (ఇది ఎపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎంత తెరుచుకుంటుందో చెప్పే నంబర్. నంబర్ ఎంత చిన్నదైతే అంత ఎక్కువ తెరుచుకుంటుంది.) రెండోదాని ధర మొదటిదానికి దాదాపు మూడింతలు.

నావి ఏ కంపెనీవో చెప్పను. చెబితే మాట అటు మళ్లిపోతుంది. ఎలాగూ ఏ కంపెనీలో చూసినా వరస ఇదే. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లకు చేసిన 85 ఎఫ్/1.8జీ బరువు 350 గ్రాములు, ఎఫ్/1.4జీ 595. సోనీ ఎఫ్ఈ 85 ఎఫ్/1.8 ఏమో 371 గ్రాములు, 2016లో వచ్చిన జీ మాస్టర్ ఎఫ్/1.4 820. కెనాన్ 1992లో తెచ్చిన ఈఎఫ్ 85 ఎఫ్/1.8 425 గ్రాములే, ఎఫ్/1.2ఎల్ రెండో వెర్షన్ మాత్రం కిలో దాటుతుంది. మధ్యలో సిగ్మా లాంటి కంపెనీల ఎఫ్/1.4లు ఉన్నాయి. వాటినీ చూశాను కానీ, ఎఫ్/1.4 నాకసలు అవసరమా అన్నది తేలకుండా అందులో ఏది మేలో వెతకడం దండగ అనిపించి పక్కన పెట్టాను.

తెలిసినవాళ్లని అడిగితే అందరిదీ ఒకటే మాట: "కొంటే ఒకేసారి మంచిది కొనెయ్, లేకపోతే తర్వాత బాధపడతావ్." ఈ సలహా మీద నాకు మొదటినుంచీ గురి లేదు. చెప్పేవాళ్లకి మనం ఏం తీస్తామో తెలియదు, ఎంత వెలుగులో తీస్తామో తెలియదు. డబ్బు వాళ్లది కాదు.

ముందు లెక్క చూసుకున్నాను. ఎఫ్ నంబర్ అంటే ఉత్త భాగహారం. 85ని 1.8తో భాగిస్తే 47 వస్తుంది. ముందు నుంచి చూస్తే కనిపించే ఎపర్చర్ వెడల్పు అది, మిల్లీమీటర్లలో. 1.4తో భాగిస్తే 61. వెలుతురు పరంగా తేడా ఒక స్టాప్‌లో (వెలుతురు రెట్టింపు కావడమో సగమవడమో ఒక స్టాప్) మూడింట రెండు వంతులు. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం, పెంచేకొద్దీ ఫొటోలో గరుకు పెరుగుతుంది) 3200 పెట్టాల్సిన చోట 2000తో సరిపెట్టుకోవచ్చన్నమాట. ఇప్పటి సెన్సర్లతో ఆ కాస్త తేడా కోసం మూడింతల ధర పెట్టనక్కర్లేదు. అసలు విషయం బ్లర్. ఒకే దూరం నుంచి ఒకే ఫ్రేమ్ తీస్తే, బాగా వెనకాల ఉన్న లైట్ చుక్క ఎఫ్/1.4లో దాదాపు 30 శాతం పెద్ద వృత్తంగా పడుతుంది. ఇది కంటికి తెలుస్తుంది. ఎంత తెలుస్తుందన్నదే ప్రశ్న.

(ఈ భాగహారం తెలిస్తే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. 70-200 ఎఫ్/2.8 జూమ్‌ని 200 దగ్గర పెడితే 200ని 2.8తో భాగించాలి, 71 వస్తుంది. అంటే ఆ జూమ్ ఇప్పటికే ఉన్నవాళ్లు, వెనక్కి నడిచే చోటుంటే, 85 ఎఫ్/1.4కి మించిన బ్లర్ ఇప్పుడే తీయొచ్చు. నా దగ్గర ఆ జూమ్ లేదు.)

తర్వాత చేసిన పని నిజంగా దారి చూపించింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నా పాత పోర్ట్రెయిట్‌లన్నీ ఒకచోట వేసి ఎపర్చర్ వారీగా ఫిల్టర్ పెట్టాను. నేను వైడ్ ఓపెన్‌లోనే, అంటే ఎపర్చర్ పూర్తిగా తెరిచే, తీస్తానని నా నమ్మకం. తీరా చూస్తే ఉంచుకున్న ఫొటోల్లో ఎక్కువ భాగం ఎఫ్/2.2కి, ఎఫ్/4కి మధ్యే. ముఖం దగ్గరగా తీసినవైతే ఎఫ్/2.8 కంటే ఎక్కువ తెరిచి తీసినది ఒక్కటీ మిగల్లేదు. ఎఫ్/1.8వన్నీ కాస్త దూరం నుంచి, నడుము వరకో నిలువెత్తునో తీసినవి. ఎందుకలా అన్నది లెన్సులు చేతికొచ్చాక గానీ సరిగ్గా అర్థం కాలేదు.

ఖరీదైనదాన్ని అద్దెకు తెచ్చుకున్నాను. ఎఫ్/1.8 ఒక ఫ్రెండ్ దగ్గరుంది, అడిగి తీసుకున్నాను. టెస్ట్ చార్ట్ జోలికి పోలేదు. గోడకి అంటించిన కాగితాన్ని నేనెప్పుడూ ఎఫ్/1.4లో తీయను. మా అన్నయ్యని కూర్చోబెట్టాను. నెరిసిన జుట్టు, సన్నటి స్టీల్ ఫ్రేమ్ కళ్లజోడు, లెన్సుకి ఇంతకంటే గట్టి పరీక్ష ఉండదు. "ఒరేయ్, రెండిట్లోనూ నేనేగా ఉండేది, ఇంకెన్నిసార్లురా?" అని అంటూనే ఓపిగ్గా కూర్చున్నాడు.

మొదట కిటికీ పక్కన, మీటరు దూరం నుంచి, ముఖం మాత్రమే. ఆ దూరంలో ఫోకస్‌లో ఉండే లోతు ఎఫ్/1.8కి సెంటీమీటరున్నర కూడా ఉండదు. ఎఫ్/1.4కి సెంటీమీటరు పైచిలుకు. అన్నయ్య తల కాస్త పక్కకి తిప్పగానే దగ్గరి కన్ను షార్ప్‌గా, రెండోది మసకగా పడింది, రెండు లెన్సుల్లోనూ. రెండు కళ్లూ కావాలంటే రెండిట్లోనూ ఎఫ్/2.8కి వెళ్లాల్సిందే. ఆ ఎపర్చర్‌లో రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే ఏది దేనిదో నాకు తెలియలేదు. దగ్గరి ముఖాలకి ఎఫ్/1.4కి డబ్బులు పెట్టడమంటే వాడని ఎపర్చర్‌కి పెట్టడమే.

రెండు మీటర్లకి వెనక్కి వచ్చి ఛాతీ వరకు తీస్తే లోతు ఆరు సెంటీమీటర్లు, నాలుగున్నర సెంటీమీటర్లు అయ్యాయి. ఇక్కడ ఖరీదైనది కాస్త ముందుకొచ్చింది, కానీ పక్కపక్కన పెట్టి చూస్తేనే.

బయటికెళ్లి చెట్ల ముందు అన్నయ్యని నిలబెట్టి, నాలుగున్నర మీటర్ల నుంచి నిలువెత్తు ఫొటో తీసినప్పుడు ఆట మారిపోయింది. ఆ దూరంలో ఎఫ్/1.8కి లోతు 30 సెంటీమీటర్లు, ఎఫ్/1.4కి 23. వెనకున్న కొమ్మలు ఎఫ్/1.8లో మసకబడ్డాయి, కానీ కొమ్మలని ఇంకా తెలుస్తున్నాయి. ఎఫ్/1.4లో అవి రంగుల మచ్చలైపోయాయి, మనిషి వాటి నుంచి విడిపడి ముందుకొచ్చి నిలబడ్డాడు. అందరూ "ఆ లుక్" అని మురిసిపోయేది దీన్నే. ఖరీదైన పోర్ట్రెయిట్ లెన్స్ అంటే ముఖాలు దగ్గరగా తీసేది అనుకుంటాం కానీ, దాని సత్తా తెలిసేది దూరం నుంచి తీసినప్పుడు. దగ్గరగా ఉంటే ఏ లెన్సైనా వెనకంతా చెరిపేస్తుంది.

ఫ్రేమ్ అంచుల్లో ఇంకో సంగతి గమనించాను. ఆకుల సందుల్లోంచి వచ్చే వెలుగు చుక్కలు మధ్యలో గుండ్రంగానే ఉన్నా, మూలలకి వచ్చేసరికి బాదంగింజల్లా సాగాయి. వైడ్ ఓపెన్‌లో రెండు లెన్సులదీ ఇదే వరస. డబ్బు పెడితే ఇది పోతుందనుకునేవాళ్లకి చెబుతున్నా, పోదు. ఎపర్చర్‌ని ఒకటిన్నర స్టాప్ మూస్తే చాలావరకు సర్దుకుంటుంది.

గాజులో తేడా అసలు బయటపడింది సాయంత్రపు ఎండని అన్నయ్య వెనక పెట్టినప్పుడు. ఎఫ్/1.8 ఫొటోని స్క్రీన్ మీద వంద శాతానికి పెంచి చూశాను. ఫోకస్ కనుపాప మీద ఉంది. దానికన్నా కాస్త ముందున్న కళ్లజోడు అంచు వెంట సన్నటి ఊదారంగు గీత. అదే ఫ్రేమ్ చెవి వైపు వెళ్లేకొద్దీ ఆ గీత ఆకుపచ్చకి మారింది. చెవి వెనక నెరిసిన వెంట్రుకలు, నిజానికి తెల్లటివి, లేత ఆకుపచ్చ మెరుపుతో ఉన్నాయి. లెన్స్ అన్ని రంగుల్నీ ఒకే చోట ఫోకస్ చేయలేకపోవడం వల్ల వచ్చే తేడా ఇది, లాంగిట్యూడినల్ క్రొమాటిక్ అబరేషన్ అంటారు. ఖరీదైనదాంట్లోనూ ఉంది, కాకపోతే వెతికితే గానీ దొరకలేదు. ఎఫ్/2.8 దగ్గర చవకదాంట్లోనూ దాదాపు పోయింది. ఎడిటింగ్‌లో ఈ రంగు గీతల్ని చెరిపే డీఫ్రింజ్ స్లైడర్లున్నాయి, పనిచేస్తాయి కూడా. కాకపోతే గట్టిగా లాగితే నిజంగా ఊదారంగులో ఉన్న బట్టల అంచులు కూడా బూడిదరంగుకి తిరుగుతాయి. అలాంటప్పుడు కళ్లజోడు మీద మాత్రమే బ్రష్‌తో వేసుకోవాలి. వందల ఫొటోలు ఎడిట్ చేసేవాళ్లకి ఇదొక్కటి చాలు, ఖరీదైనది కొనడానికి. నేను ఒక సిట్టింగ్‌లో చివరికి ఉంచేవి పదిలోపు.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఇంకో తంటా. మంచి ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/16 పెడితే షట్టర్ 1/100 అన్నది ఫిల్మ్ కాలం నుంచీ ఉన్న లెక్క. అక్కడినుంచి ఎఫ్/1.8కి తెరిస్తే 1/8000 కావాలి, ఎఫ్/1.4కి 1/12800. నా బాడీ మెకానికల్ షట్టర్ 1/8000 దగ్గర ఆగిపోతుంది. అంటే పగటిపూట ఎఫ్/1.4ని పూర్తిగా వాడాలంటే ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లటి గాజు) కూడా కొనాలి, అదీ 77 ఎంఎం సైజులో. ఇదే సందర్భంలో మెనూలో ఒకటి చూసుకోండి. ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (షట్టర్ మొదటి తెర పనిని సెన్సరే చేసే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే, ఇంత వేగమైన షట్టర్‌తో, ఇంత తెరిచిన ఎపర్చర్‌తో తీసినప్పుడు బ్లర్ వృత్తాలు ఒక పక్క కోసేసినట్టు పడతాయి. చాలామంది దాన్ని లెన్స్ లోపం అనుకుంటారు. ఆఫ్ చేసి పూర్తి మెకానికల్ పెడితే పోతుంది.

బరువు గురించి ఎక్కువ చెప్పను. గంట దాటాక మణికట్టే చెబుతుంది. ఫోకస్ వేగంలో మాత్రం ఖరీదైనదే గెలుస్తుందనుకుంటే పొరపాటు. పెద్ద గాజుని కదపాలంటే మోటారుకి ఎక్కువ పని. అద్దెకు తెచ్చిన దానికంటే ఫ్రెండ్ ఎఫ్/1.8 తొందరగా, చప్పుడు లేకుండా కంటిని పట్టుకుంది. కొత్తగా వస్తున్న ఖరీదైన మోడళ్లలో ఇది బాగా మెరుగైందని కూడా చెప్పాలి. కొనేవాళ్లు తాము తీసుకోబోయే మోడల్‌నే చేతిలోకి తీసుకుని చూడాలి.

ఇంటికొచ్చాక నన్ను నేను నమ్మదలుచుకోలేదు. ఏది ఖరీదైనదో ముందే తెలిస్తే అదే బాగుందనిపిస్తుంది. ఫైళ్ల పేర్లు మార్చి కలగలిపి ఇమ్మని వదినని అడిగాను. నిలువెత్తు ఫొటోల్లో ఎఫ్/1.4వి తడబడకుండా పట్టేశాను. కళ్లజోడు మీద ఎండ పడినవీ పట్టుకున్నాను, పెంచి చూశాక. ముఖాలు, ఛాతీ వరకు ఉన్నవి మాత్రం బొమ్మా బొరుసా అన్నట్టే అయింది. వదిన కూడా పక్కన కూర్చుని చూసింది. "ఇందులో మీ అన్నయ్య కళ్లు మూసుకుపోతున్నాయి, తీసెయ్" అని ఆవిడ పక్కన పెట్టించిన దాంట్లో నేను అన్నిటికంటే మెచ్చుకున్న బ్లర్ ఉంది.

అంతా ఒకచోట పెట్టుకుంటే నిర్ణయం దానంతటదే వచ్చింది. నేను తీసేవి ఎక్కువగా ఇంటి లోపల, కిటికీ వెలుగులో, ముఖం నుంచి నడుము వరకు. ఎఫ్/1.4 గెలిచిన చోట నా పని తక్కువ. ఎఫ్/1.8 తీసుకున్నాను. మిగిలిన దాంట్లో కొంత పెట్టి ఒక ఫ్లాష్, సాఫ్ట్‌బాక్స్ కొన్నాను. నా ఫొటోల్లో తేడా తెచ్చింది అదే. నిలువెత్తు ఫొటోలు బయట తీయడమే ప్రధాన పనిగా ఉన్నవాళ్లయితే నేను చెప్పిందాన్ని తిరగేసి చదువుకోవాలి. వాళ్లకి ఎఫ్/1.4 విలాసమేమీ కాదు. నాకు అలాంటి పని తగిలినప్పుడు దాన్ని మళ్లీ అద్దెకు తెచ్చుకుంటున్నాను.

కొన్నాక ఒక్క పని తప్పకుండా చేయండి. దూరంగా ఉన్న ఏదైనా గుర్తుని, బోర్డో కిటికీనో, ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఫ్రేమ్ మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి ఫోకస్ చేసి తీయండి. నాలుగు మూలలూ ఒకేలా ఉండాలి. నాకు మొదట వచ్చిన పీస్‌లో ఎడమ వైపు రెండు మూలలూ మెత్తగా పడ్డాయి. పోర్ట్రెయిట్‌కి మూలలెందుకని వదిలేయబోయాను కానీ, ముఖాన్ని ఫ్రేమ్‌లో ఎడమ పక్కకి పెట్టి తీస్తే కనురెప్పల్లో తేలిపోయింది. గడువు దాటకముందే మార్పించుకున్నాను. రెండోది బాగుంది.

ఇప్పటికీ నాకున్న ఫిర్యాదు ఒకటే, 80 సెంటీమీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ రాదు. ఖరీదైనదీ ఇందులో మెరుగేమీ కాదు. దానికి 10 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ తెచ్చుకున్నాను. లోపల గాజు లేని ఉత్త గొట్టం, లెన్సుకీ బాడీకీ మధ్య పెడతాం. ఫొటోలో కన్ను దాదాపు రెట్టింపు సైజులో వస్తుంది. ట్యూబ్ ఉన్నంతసేపు దూరంగా ఉన్నవాటి మీద ఫోకస్ కుదరదు కాబట్టి, కళ్లు, చేతులు లాంటి క్లోజప్‌లన్నీ సిట్టింగ్ చివర్లో ఒకేసారి తీసేస్తున్నాను.