పాటిమన్నులో పాత నాణేలు: మిషన్ కంటే ముందు మట్టి

బెంగళూరు చుట్టుపక్కల, హొసకోటె, దేవనహళ్ళి, కోలారు వైపు, జనం వదిలేసిపోయిన ఊళ్ళు ఇంకా కనిపిస్తాయి. రెవెన్యూ లెక్కల్లో వాటిని బేచిరాకు గ్రామాలంటారు. పేరుంటుంది, సర్వే నంబర్లుంటాయి, ఇళ్ళు మాత్రం ఉండవు. ఒక దిబ్బ, పూడిపోయిన బావి, ఒంటరిగా ఆంజనేయుడి గుడి, ఎక్కడ చూసినా కుండపెంకులు. అక్కడ పాత నాణేలు ఉంటాయన్నది నిజమే. మెటల్ డిటెక్టర్ మిషన్‌తో వాటిని వెతకబోయే కొత్తవాళ్ళు పొరపడేది, అవి దిబ్బ మీదే ఉంటాయనుకోవడం దగ్గరే.

పాడుబడిన ఊరి మన్నులో బూడిద, పేడ, ఎముకలు కలిసి ఉంటాయి కాబట్టి అది మంచి ఎరువు. తరతరాలుగా రైతులు ఆ పాటిమన్నును బండ్లకెత్తి పొలాలకు తోలుకున్నారు. మన్నుతోపాటు కాసులూ వెళ్ళిపోయాయి. అందుకే రాగుల చేలో నాణెం దొరికిందంటే అక్కడ ఊరుండేదని చెప్పేయకూడదు. పెంకుల్ని చూడండి. అంచులు అరిగి, గోరంత ముక్కలై, చేనంతా ఒకే తీరున పరుచుకుని ఉంటే అది తోలిన మన్ను. పెద్ద పెద్ద ముక్కలు, పదునైన అంచులు, మధ్యలో బూడిద చారలు కనిపిస్తే ఊరు నిలబడిన చోటు అదే. అక్కడ తవ్వకూడదు. పొరలు చెదరని నేలలో నాణెం ఏ పొరలో ఉందన్నదే దాని సాక్ష్యం. ఆ పని పురావస్తు శాస్త్రజ్ఞులది. మనలాంటివాళ్ళకు తగింది తోలిన మన్ను పడిన పట్టా పొలం, అందులోనూ నాగలి ఏటా తిరగేసే పై జానెడు మట్టి.

పొలం యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నోటిమాట చాలదు. ఏ సర్వే నంబరులో నిలబడ్డామో కర్ణాటక భూముల పటం చూపే దిశాంక్ యాప్‌లో చూసుకోవచ్చు, యజమాని పేరు పహణీ (భూమి రికార్డు)తో సరిచూసుకోవచ్చు. పాత గ్రామఠాణా, అంటే ఊరి ఇళ్ళుండిన జాగా, ప్రభుత్వ భూమి అయితే యజమాని మాట అక్కడ చెల్లదు. పురావస్తు శాఖ బోర్డున్న చోట మిషన్ బయటికే తీయకండి. కర్ణాటకకు 1962 నాటి సొంత నిధి చట్టం ఉంది. నిధి దొరికితే జిల్లా డెప్యుటీ కమిషనర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. లైసెన్సు లేకుండా దాంతో వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు. ఒకేచోట మూడు నాలుగు నాణేలు అంటుకుని కనిపించినా, కుండ మూతి బయటపడినా చెయ్యి ఆపి, ఫొటో తీసి, మట్టి కప్పి, తహసీల్దారుకు కబురు చేయండి. ఇలాంటి కుప్పలు బెంగళూరులోనే బయటపడ్డాయి. 1891లో యశవంతపుర దగ్గర 163 రోమన్ వెండి నాణేలు దొరికాయి. కుప్ప చెదరకుండా ఉన్నప్పుడే అది చెప్పగలిగింది చెబుతుంది, విడదీశాక చెప్పదు.

కాలం విషయానికొస్తే, రాగుల కోత అయ్యాక జనవరి, ఫిబ్రవరిలో కొన్నాళ్ళు, ఆ తర్వాత మే వానలకు దుక్కి దున్ని విత్తనం వేసేలోపు. మార్చి, ఏప్రిల్‌లో ఎర్రమన్ను ఎండి గట్టిపడుతుంది. పెళ్ళగించబోతే పెళ్ళలు పగిలి, పనిముట్టు జారి నాణేనికే తగులుతుంది.

అసలు చిక్కు ఈ మట్టిలోనే ఉంది. మన ఎర్రనేలలో ఇనుప ఆక్సైడ్లు ఎక్కువ. డిటెక్టర్‌కు నేలే ఒక లోహంలా వినిపిస్తుంది. దానికి తోడు కాలిన మన్ను ఉంటుంది. పొయ్యి గడ్డలు, ఇటుక ముక్కలు, పెంకులు వేడికి అయస్కాంత గుణం తెచ్చుకుంటాయి, అవీ సిగ్నల్ ఇస్తాయి. కొలిమి ఉన్న ఊరైతే ఇనుప చిట్టెం సరేసరి. అందుకని మొదట గ్రౌండ్ బ్యాలెన్స్ చేయాలి, అంటే నేల ఇచ్చే శబ్దాన్ని లెక్కలోంచి తీసేసేలా మిషన్‌ను సరిచేయాలి. లోహం లేని జాగా చూసుకుని, కాయిల్‌ను (మిషన్ చివరనుండే చక్రాన్ని) నేలకు సమాంతరంగా పట్టి, జానెడు ఎత్తు నుంచి నాలుగైదు సెంటీమీటర్ల దాకా దించుతూ ఎత్తుతూ, శబ్దం ఒకేలా వచ్చేదాకా ఆడించాలి. మట్టి రంగు మారిన ప్రతిచోటా మళ్ళీ చేయాలి. ఎర్రచేలోంచి నల్లటి బూడిద మన్నులోకి అడుగుపెట్టగానే పాత బ్యాలెన్స్ పనికిరాదు.

రెండోది సెన్సిటివిటీ, అంటే మిషన్ ఎంత చిన్న సిగ్నల్‌ను పట్టుకోవాలన్నది. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 అనే డిటెక్టర్‌లో అది 25 దాకా ఉంటుంది. లోతు కోసం అంతా పెంచేస్తే మిషన్ గోల పెడుతుందే తప్ప నాణెం వినిపించదు. 14, 15కి దించి, మల్టీ ఫ్రీక్వెన్సీలో (ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడే సెట్టింగులో) పెట్టి, 11 అంగుళాల కాయిల్ తీసి 6 అంగుళాలది బిగించండి. చిన్న కాయిల్ ఒకేసారి తక్కువ మట్టిని చూస్తుంది కాబట్టి నేల గోల తగ్గుతుంది, మేకు పక్కన పడి ఉన్న కాసు విడిగా వినిపిస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మిషన్ అయితే, 11 గ్రాముల టిప్పు పైసా లాంటి మందపాటి రాగికి తక్కువ కిలోహెర్ట్జ్ చాలు. అర గ్రాము కూడా తూగని బంగారు పణానికి ఎక్కువ కావాలి. కాయిల్ నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులో సాగాలి, ఎడమ నుంచి కుడికెళ్ళి తిరిగి రావడానికి రెండు మూడు సెకన్లు పట్టాలి. ప్రతి ఊపూ ముందుదాని మీద సగం పడాలి. చివర్లలో కాయిల్ పైకి లేస్తే ఆ మేర వెతకనట్టే లెక్క.

మోసం చేసేవాటిలో ముందు నిలిచేది ఎద్దు లాడం. పలచగా, వంపు తిరిగి ఉండే ఇనుము కాబట్టి రాగిలాంటి తియ్యని శబ్దం ఇస్తుంది. సిగ్నల్ వినగానే మీరు పక్కకు తొంభై డిగ్రీలు తిరిగి మళ్ళీ ఊపండి. నాణెం రెండు వైపుల నుంచీ ఒకేలా పలుకుతుంది. ఇనుము ఒక వైపు నుంచి విరిగినట్టు పలుకుతుంది, లేదా పక్కకు జరుగుతుంది. గుట్కా ప్యాకెట్ల రేకు, మాత్రల స్ట్రిప్పు బాధ వేరు. మిషన్ తెర మీద వాటికి పడే నంబర్లు, పలచటి చిన్న కాసుల నంబర్లు దాదాపు ఒకటే. వాటిని డిస్క్రిమినేషన్‌లో (వద్దనుకున్న నంబర్లను వినిపించకుండా చేసే సెట్టింగులో) తీసేస్తే చిన్న కాసులూ పోతాయి, కాబట్టి ఓపికగా తవ్వడమే దారి.

తవ్వడానికి గడ్డపార వద్దు. చేతి తాపీతో, సిగ్నల్ మధ్య నుంచి బెత్తెడు దూరంలో మూడు వైపులా కోసి, నాలుగో వైపు మడతలా ఉంచి మట్టిపెళ్ళను ఎత్తండి. మట్టిని గోనెపట్టా మీద పోయండి. పిన్‌పాయింటర్‌తో (చేత్తో పట్టుకునే చిన్న డిటెక్టర్‌తో) ముందు గుంతలో, తర్వాత మట్టిలో చూడండి. జానెడు లోతు దాటినా సిగ్నల్ కిందే ఉంటే గుంత పూడ్చేయండి, అది దున్నని పొర. నాణెం కనిపించాక వేలితో రుద్దకండి. ఉన్నచోటే ఫొటో తీసి, అక్షాంశ రేఖాంశాలు ఐదు దశాంశాల దాకా, లోతు, తేదీ రాసి విడి కవరులో వేయండి. ఐదు దశాంశాలంటే సుమారు మీటరు తేడాలో చోటు తెలుస్తుంది.

ఈ వైపు టిప్పు పైసాలు దొరుకుతాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు పారసీలో టంకశాల పేరు. మన గుత్తి టంకశాలకు ఆయన పెట్టిన పేరు ఫైజ్ హిసార్. 1787 నుంచి ఆయన వాడిన మౌలూదీ అనే సొంత శకంలో సంవత్సరపు అంకెలు కుడి నుంచి ఎడమకు చదవాలి, ఇది తెలియక సంవత్సరం తలకిందులుగా రాసేస్తుంటారు. విజయనగర కాలపు చిన్న రాగి నాణేలు, ఈస్టిండియా కంపెనీ వాళ్ళ 1803, 1808 నాటి ఇరవై కాసుల బిళ్ళలు, విక్టోరియా పావు అణాలూ ఉంటాయి. అన్నిటికంటే కొత్త నాణెం ఏదో చూడండి. అది ముద్రించాకే ఊరు ఖాళీ అయిందని అంతవరకు చెప్పవచ్చు. 1876–78 ధాత కరువుకు ఊరు పోయిందని పెద్దలు చెబుతుంటే, చేలో 1890ల పావు అణాలు వరసగా వస్తుంటే, ఆ మాటను మళ్ళీ విచారించాలి. ఒక్కటే వస్తే అది దారిన పోయేవాళ్ళు జారవిడిచింది కావచ్చు.

కడగడం దగ్గర ఎక్కువ నాణేలు పాడవుతున్నాయి. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి, టూత్‌పేస్టు వద్దే వద్దు. పచ్చటి పొరతోపాటు అక్షరాలూ పోతాయి. రాగి నాణేన్ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్ళు మారుస్తూ, మన్ను మెత్తబడ్డాక మెత్తటి బ్రష్షుతో, వేపపుల్ల మొనతో తీయాలి. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది క్లోరైడ్ల వల్ల వచ్చే జబ్బు. ఆ నాణేన్ని వేరు చేసి, సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. సీసపు నాణేన్ని మాత్రం డిస్టిల్డ్ వాటర్‌లో వేయకండి, ఆ నీళ్ళే దాన్ని తినేస్తాయి. పొడి బ్రష్షు చాలు. చెక్కపెట్టె, అట్టపెట్టె వదిలే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లగా పొడిబారుతుంది. రాగికైతే మెత్తటి పీవీసీ కవర్లు శత్రువులు, కొన్నేళ్ళకు జిగట పచ్చదనం పట్టిస్తాయి. మైలార్ (పాలిస్టర్) కవర్లు వాడండి, కవరు మీద సర్వే నంబరు పెన్సిల్‌తో రాసిన చీటీ ఉంచండి.