రాజాం ఏ జిల్లాలో ఉందో కంపెనీ వాళ్లకి చెప్పాల్సొచ్చింది

డెవలపర్ అకౌంట్ (ఒక ప్లాట్‌ఫాంలో మన సొంత యాప్‌లు, బాట్‌లు నడుపుకోడానికి తీసుకునే అకౌంట్) రిస్ట్రిక్ట్ అయితే, అంటే దాని మీద ఆంక్ష పెడితే, ఏం చెయ్యాలి అని వెతికితే ఫారం నింపండి, ఓపిక పట్టండి, మళ్లీ ఫారం నింపండి అనే తప్ప పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకలేదు నాకు. అందుకే ఇది రాసి పెడుతున్నా. ప్లాట్‌ఫాం పేరు చెప్పను, పెద్దదే, మీ ఫోన్‌లో కూడా ఉండే ఉంటాది.

సంగతేంటంటే కాశీబుగ్గలో మా బావది జీడిపప్పు వ్యాపారం. పేజీకి మెసేజ్ పెట్టి రేటెంత అని అడిగినోళ్లకి దానంతటదే జవాబిచ్చే చిన్న బాట్ ఒకటి రాసిచ్చా. గుండు పప్పులో 180, 210, 240, 320 అని గ్రేడ్లు, బద్ద వేరు, ముక్క వేరు. ఆ నంబర్లేంటో కొనేవాళ్లలో చాలామందికి తెలీదు, పౌనుకి సుమారుగా ఎన్ని పప్పులు తూగుతాయో ఆ లెక్క, కాబట్టి నంబర్ తగ్గేకొద్దీ పప్పు పెద్దది, రేటూ పెద్దదే. బావ పొద్దున్నే షీట్‌లో రేట్లు మారుస్తాడు, బాట్ అది చదివి అడిగినోళ్లకి పంపిస్తాది. అడగనోళ్లకి ఒక్క మెసేజ్ కూడా పోదు, ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తాది.

ఒక రాత్రి బాట్ లాగ్ (అది చేసిన పనులన్నీ రాసుకునే ఫైలు) నిండా 401 లు, అంటే లోపలికి రానివ్వం అనే ఎర్రర్లు. 401 అంటే మామూలుగా టోకెన్ (బాట్‌కి ప్లాట్‌ఫాం ఇచ్చే తాళంచెవి లాంటి కోడ్) గడువైపోయిందనే అనుకుంటాం కదా, కొత్తది తీద్దామని డాష్‌బోర్డ్ తెరిస్తే పైన ఎర్ర పట్టీ, మీ డెవలపర్ అకౌంట్ మీద పరిమితి పెట్టాం, మా విధానాలకి విరుద్ధంగా ఉంది అని. ఏ విధానం, ఏ యాప్, ఎప్పుడు చేశాను, ఏమీ లేదు. యాప్ ఐడీ కనబడుతోంది, దాని కింద సెట్టింగులన్నీ బూడిద రంగులోకి పోయాయి, నొక్కితే ఉలకవు పలకవు. నా మామూలు అకౌంట్ మాత్రం నిక్షేపంలా ఉంది, చుట్టాల పెళ్లి ఫొటోలు ఎన్ని కావాలంటే అన్ని చూసుకోవచ్చు.

ఫ్రెండ్స్ అందరూ ఒకటే మాట, ఇంకో సిమ్ పెట్టి కొత్త అకౌంట్ తీసేయ్ రా అని. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆంక్ష తప్పించుకోడానికి ఇంకో అకౌంట్ తియ్యడమే చాలా ప్లాట్‌ఫాంలలో విడిగా ఒక ఉల్లంఘన, ఫోన్, ల్యాప్‌టాప్, కార్డు ఇవన్నీ కలిపి చూసుకుంటే ఇద్దరూ ఒకడే అని వాళ్లకి తెలిసిపోవడం పెద్ద పనేం కాదు. అప్పుడు మొదటి అకౌంట్ గురించి మాట్లాడే నోరు కూడా మనకి ఉండదు.

రివ్యూ కోరితే ముందు మనిషివో కాదో తేల్చుకుంటాం, గుర్తింపు పత్రం, వ్యాపార పత్రం అప్‌లోడ్ చెయ్యి అంది. ఆధార్ పెట్టా (పూర్తి నంబర్ కాదు, చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్, ఆధార్ ఇచ్చే ఉడాయ్ సైట్‌లోనే దిగుతాది, మీరూ అదే పెట్టండి), ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్) పెట్టా. వివరాలు సరిపోలడం లేదు అని వెనక్కి కొట్టారు. ఫొటో సరిగ్గా రాలేదేమో అని మళ్లీ స్కాన్ చేసి పెట్టా, మళ్లీ అదే. పేరు చూశా, ఇంటిపేరు రెండిట్లోనూ పూర్తిగానే ఉంది. ఆఖరికి రెండూ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టి వేలు పెట్టి లైన్ లైన్ చదివితే అప్పుడు కనబడింది. మాది రాజాం. ఆధార్‌లో రాజాం, శ్రీకాకుళం జిల్లా. ఉద్యమ్‌లో రాజాం, విజయనగరం జిల్లా.

రెండూ నిజమే! 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చేసింది. పాలకొండ వాళ్లయితే పార్వతీపురం మన్యంలోకి పోయారు. ఇల్లు కదల్లేదు, పిన్‌కోడ్ ఇప్పటికీ 532తోనే మొదలవుతాది, కాయితాలు మాత్రం పాతవన్నీ ఒక జిల్లా, కొత్తవన్నీ ఒక జిల్లా. మనకి ఇది టీ కొట్టు దగ్గర జోకు, ఎక్కడో కూర్చుని స్క్రీన్ మీద రెండు అడ్రస్‌లు చూసేవాడికి మాత్రం ఇద్దరు వేరే మనుషులు. మనిషి చూస్తున్నాడో మిషన్ చూస్తుందో అది వేరే సంగతి.

అప్పీల్ బాక్స్‌లో రాయడానికి ఒక పేరా రెడీ చేసి పెదనాన్నకి చదివి వినిపించా. ఆయన తహసీల్దారు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు, సర్వీసంతా సోమవారం గ్రీవెన్స్‌కి వచ్చే అర్జీలు చదివినవాడు. అంతా విని, "ఏట్రా ఇది, ఇందల నీ కష్టం ఉంది గానీ నీకేటి కావాలో నేదు. సదివేవోడికి నీ మీద జాలి ఎందుకు, ఆడి సేత ఏ కాయితం మీద సంతకం ఎట్టించాలో అది సెప్పు" అన్నాడు. నిజంగానే అప్పీల్ కూడా అర్జీయే. మీ ప్లాట్‌ఫాం అంటే నాకెంతో గౌరవం, ఇదే నా జీవనాధారం, ఇలాంటివన్నీ కొట్టించేశాడు. మిగిలింది ఇంతే: యాప్ ఐడీ. యాప్ ఏం చేస్తాది, ఒక వాక్యం. కస్టమర్ ముందు మెసేజ్ పెడితేనే జవాబు పోతాది, అడగనోళ్లకి పోదు, ఇదిగో లాగ్ స్క్రీన్‌షాట్. అడ్రస్‌లో జిల్లా తేడా ఎందుకుందంటే ఇదీ కారణం, ఫలానా తారీఖు. నా అభ్యర్థన: ఆంక్ష తియ్యండి, తియ్యకపోతే ఏ నిబంధన అనేది చెప్పండి. ఇంగ్లిష్‌లోకి మార్చి పెట్టాక కూడా బాక్స్‌లో సగం ఖాళీగానే ఉంది.

దాంతో పాటు ఇంకో తలుపు కూడా తట్టా, ఇది చాలామందికి తెలీదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ రూల్స్ ప్రకారం సోషల్ మీడియా కంపెనీలు గ్రీవెన్స్ ఆఫీసర్‌ని పెట్టాలి, పేరూ కాంటాక్టూ సైట్‌లో కనబడాలి, 50 లక్షల మంది పైన రిజిస్టర్డ్ యూజర్లున్న పెద్ద కంపెనీలకైతే ఆ ఆఫీసర్ ఇండియాలో ఉండేవాడే అయ్యుండాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, మామూలు ఫిర్యాదైతే గడువులోపు తేల్చాలి (2021లో పెట్టింది 15 రోజులు, 2026 ఫిబ్రవరిలో దాన్ని 7 రోజులకి తగ్గించారు). తేల్చిన తీరు నచ్చకపోతే జవాబొచ్చిన 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి పోవచ్చు, 2023 జనవరిలో ఇలాంటివి మూడు వేశారు, అంతా ఆన్‌లైన్‌లోనే, ఢిల్లీ తిరగక్కర్లేదు. డెవలపర్ అకౌంట్‌కి ఇది వర్తిస్తాదా అని నన్నడిగారు కొందరు. డెవలపర్ అన్నా అడుగున ఉన్నది యూజర్ అకౌంటే కదా, నేనైతే యూజర్‌గానే రాశా, ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. బాక్స్‌లో అప్పీల్‌కి నంబరూ ఉండదు గడువూ ఉండదు, దీనికి రెండూ ఉంటాయి, నాకైతే ఆ నంబర్ వచ్చాకే కొంచెం నిద్ర పట్టింది.

కమిటీ దాకా పోవాల్సిన పని పడలేదు. ఆంక్ష తీసేశాం అని ఒక్క లైను మెయిల్ వచ్చింది. ఎందుకు పెట్టారో అందులోనూ లేదు, నా అప్పీల్ వల్ల తీశారో గ్రీవెన్స్ ఆఫీసర్ వల్ల తీశారో అదీ లేదు, ఇది మాత్రం ఒళ్లు మండే విషయమే. పాత టోకెన్లన్నీ చచ్చిపోయాయి, కొత్తవి తీసుకుని వెబ్‌హుక్ (మెసేజ్ రాగానే బాట్‌కి కబురు పంపే లింకు) మళ్లీ వెరిఫై చేసుకోవాల్సొచ్చింది, మెసేజ్ పంపే పర్మిషన్‌కి ఇంకోసారి రివ్యూ అట, యాప్ ఎలా పనిచేస్తుందో స్క్రీన్ రికార్డ్ చేసి వీడియో పంపాలట. పండగ ఆర్డర్లు దగ్గర పడుతున్నాయి, అంతవరకూ రేట్లు అక్కే ఫోన్‌లో టైప్ చేసి పంపిస్తోంది, పైగా బాట్ కన్నా అక్క జవాబిస్తేనే బేరాలు ఎక్కువ తెగుతున్నాయని బావ అంటున్నాడు.