కేర్‌ఫ్రీ బ్యూటీ గులాబీ: నాటిన దగ్గర్నుంచి రెండో పూత దాకా

వారం వారం మందు కొట్టే పని ఉండకూడదు, ఒక్కసారి పూసి ఊరుకునే రకం కాకూడదు. ఈ రెండూ చూసుకునే కేర్‌ఫ్రీ బ్యూటీ ఎంచుకున్నాను. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో గ్రిఫిత్ బక్ రూపొందించిన గులాబీ ఇది, 1977లో విడుదలైంది. ఆయన మొక్కలకు మందులు కొట్టకుండా, గడ్డకట్టే చలిలోనూ ఏమీ కప్పకుండా వదిలేసి, తట్టుకుని నిలబడ్డవాటినే ఎంచుకునేవారు. ఆ మొండితనం దీనికి అక్కడే వచ్చింది.

నాది అంటు మొక్క కాదు, సొంత వేళ్లది. కాబట్టి మొదట్లోంచి ఏ కొమ్మ లేచినా అదే పువ్వు. అంటు మొక్కైతే అంటు కింద నుంచి వచ్చే పిలకల్ని పైపైన కత్తిరిస్తే చాలదు, మొదలంటా లాగెయ్యాలి.

అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత. తవ్విన మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు కలిపాను. రోజూ ఆరు గంటలకు తక్కువ కాకుండా ఎండ తగిలే చోటు. పక్క మొక్కకు నాలుగడుగుల దూరం వదిలాను, ఇది ఎత్తూ గుబురూ దాదాపు అంత పెరుగుతుంది. మొదట్లో ఆ ఖాళీ చూస్తే బోసిగానే ఉంటుంది, అయినా మధ్యలో ఇంకేమీ ఇరికించొద్దు. గాలి ఆడాలి.

మొదటి పూత గుత్తులుగా వచ్చింది. మొగ్గ కోసుగా ఉంటుంది గానీ విచ్చాక రేకులు వదులుగా పరుచుకుని మధ్యలో పసుపు కేసరాలు కనబడతాయి. బిగుతైన పువ్వే గులాబీ అనుకునేవాళ్లకు ఇది ఆనదేమో. నాకైతే తేనెటీగలకు దారి ఉన్న పువ్వే ఇష్టం.

అసలు పని ఇక్కణ్ణుంచే. ఒక్కసారి పూసే పాత రకాల్లో ఈ ఏడు వచ్చిన కొత్త కొమ్మ ఆకులతోనే సరిపెట్టి, పువ్వుని వచ్చే ఏటికి దాచుకుంటుంది. ఇలాంటి మళ్లీ మళ్లీ పూసే రకాల్లో దాదాపు ప్రతి కొత్త కొమ్మా మొగ్గతోనే ముగుస్తుంది. అంటే పూలు కావాలంటే చిగుళ్లు తెప్పించాలి. పూలు ఎండనిస్తే కాయలు పడతాయి, మొక్క బలం గింజలకు పోతుంది. అందుకే గుత్తి వాడగానే దాని కింద ఐదాకుల రెమ్మ కనిపించే మొదటి చోట, బయటివైపు తిరిగిన కన్నుకి, అంటే కొత్త చిగురు లేచే చిన్న బుడిపెకి, పావు అంగుళం పైన కోశాను. వారం తిరిగేలోపే ఆ కన్ను ఉబ్బి ఎర్రబడింది. తర్వాత రాగి రంగు లేతాకులు. కోత నుంచి మళ్లీ పువ్వు దాకా మామూలుగా ఆరేడు వారాలు. ఈ మధ్యలో రెండు గుప్పెళ్ల మాగిన ఎరువు వేసి, పైన ఎండుటాకులు పరిచాను. యూరియా జోలికి పోలేదు. నత్రజని ఎక్కువైతే చిగురు మెత్తగా ఏపుగా వస్తుంది, రసం పీల్చే పేనుబంక పురుగులకు అదే విందు.

పేనుబంక పట్టింది కూడా, మొగ్గ మెడల చుట్టూ ఆకుపచ్చగా. వేళ్లతో నలిపి, నీళ్లు గట్టిగా చిమ్మితే సరిపోయింది. వానల్లో కింది ఆకుల మీద నల్ల మచ్చలు వచ్చాయి. ఈ బూజు మొలకెత్తాలంటే ఆకు ఏకధాటిగా ఏడు గంటలైనా తడిగా ఉండాలి. అందుకే నీళ్లు పొద్దున్నే, ఆకులు తడవకుండా మొక్క మొదట్లోనే పోస్తాను. మచ్చపడ్డ ఆకులు, రాలినవి సహా, ఏరి పారేశాను. కంపోస్టులో వెయ్యలేదు. కొత్తాకులు శుభ్రంగా ఉన్నాయి.

ఇప్పుడు రెండో పూత నడుస్తోంది. పూలు మొదటిసారికంటే కాస్త చిన్నవి, గుత్తులు మాత్రం ఎక్కువ. చలి ముదిరే ముందు చివరి విడత పూలను కొయ్యకుండా కాయలకు వదిలేస్తాను. నారింజ రంగు కాయలు బాగుంటాయి, మొక్కా కొత్త చిగుళ్లు మానేసి కొమ్మల్ని ముదరబెట్టుకుంటుంది. గట్టి కత్తిరింపు చలి పోయాకే: ఎత్తులో మూడో వంతు, దాంతోపాటు ఎండు కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునేవి.