నాన్న కంటిపాపలు గుండుసూది మొనంత అయిన రోజు

సాయంత్రం నాలుగున్నర, ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. అరుగు మీద కూర్చున్న నాన్న "ఏరా, మబ్బు పట్టిందా, అంతా మసగ్గా ఉందేంటి" అన్నారు. నేను ఫోన్ చూసుకుంటూ ఆ మాట పట్టించుకోలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు అదే బాధ.

మాది కోనసీమలో కాలవ చివరి ఊరు. దాళ్వా (రెండో పంట) వరిచేను పొట్ట మీదుంది, కాండం తొలిచే పురుగు పడితే తెల్లకంకే మిగులుతుందని ఆ రోజు పొద్దున్నుంచీ నాన్న క్లోరిపైరిఫాస్ అనే ఫాస్ఫరస్ పురుగుమందు కొట్టారు. స్ప్రేయర్ మూత దగ్గర వాషరు అరిగి మందు కారుతోంది, చొక్కా వెనకంతా తడిసి వీపుకి అతుక్కుపోయింది. మేము చెమటనుకున్నాం. కాసేపటికి వాంతులు, విరేచనాలు. మా ఊళ్ళో వైద్యం చేసే ఆయన వచ్చి వడదెబ్బ అని సెలైన్ పెట్టాడు. మార్చి ఎండలో ఎవరైనా అదే అనుకుంటారు, ఆయన్ని నేను తప్పు పట్టను. కానీ నోట్లోంచి చొంగ ఆగకుండా కారుతోంది, కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, ఛాతీలో గురగుర మొదలైంది. అమ్మ ఏడుస్తుంటే బాబాయ్ 108కి ఫోన్ చేశాడు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ స్టెతస్కోప్ కంటే ముందు నాన్న కనురెప్పలు ఎత్తి టార్చి వేసింది. నన్ను పిలిచి "చూడండి" అంది. నల్లగుడ్డు మధ్యలో పాప ఉండాల్సిన చోట గుండుసూదితో పొడిచినట్టు చిన్న చుక్క, రెండు కళ్ళలోనూ. మామూలుగా వెలుతురులో పాప 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుందట, చీకట్లో 4 నుంచి 8 దాకా విచ్చుకుంటుందట. నాన్నకి ఒక మిల్లీమీటరు కూడా లేదు. మసగ్గా కనిపించడానికి కారణం అదే, వెలుతురు లోపలికి వెళ్ళడానికి దారే లేదు.

ఆవిడ వరసగా అడగడం మొదలుపెట్టింది. గ్లకోమాకి చుక్కలు వేసుకుంటారా, మత్తు మాత్రలు గానీ నల్లమందు గానీ అలవాటు ఉందా, బీపీ ఉందా, కింద పడ్డారా? బీపీ ఉందనగానే నాకు గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే మెదడు కాండంలో రక్తస్రావమైనా రెండు పాపలూ ఇలాగే ముడుచుకుంటాయంది. ఒక్క కన్నే చిన్నదై, ఆ పక్క రెప్ప కూడా వాలితే మెడ మీదుగా పోయే నరం దెబ్బతిందేమో చూస్తారు. కంటి లోపల వాపు వచ్చినా పాప చిన్నదవుతుంది. చివరికి "ఈ రోజు ఏం పని చేశారండి?" అంది. మందు కొట్టారని చెప్పగానే "ఏ మందు? డబ్బా ఫోటో కావాలి" అంది. బాబాయ్ పశువుల పాకలోంచి డబ్బా వెతికి వాట్సాప్‌లో పంపాడు. లేబుల్ మీద పసుపు త్రికోణం, ఆ లేబుల్ మీదే విరుగుడు అట్రోపిన్ అని రాసి ఉంది. ఇన్నేళ్ళూ మా ఇంట్లో ఆ డబ్బాలున్నాయి, ఆ వరుస ఒక్కరం చదవలేదు.

ఈ లోపు నర్సులు ఆ చొక్కా కత్తిరించి తీసేసి, ఒళ్ళంతా సబ్బునీళ్ళతో కడిగారు. అప్పటిదాకా మందు చర్మంలోంచి లోపలికి పోతూనే ఉందట!

జరిగిందేంటో నాకు మన కాలవ తూములా అర్థమైంది. కంటిపాప చుట్టూ ఉంగరంలాంటి కండరం ఉంటుంది, నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం విడుదలైతే అది బిగుసుకుంటుంది. పని అవగానే ఒక ఎంజైమ్ వచ్చి ఆ పదార్థాన్ని విరిచేస్తుంది, అంటే తూము మూసేస్తుంది. ఈ ఫాస్ఫరస్ మందులు ఆ ఎంజైమ్‌నే కట్టిపడేస్తాయి. ఇక తూము మూసేవాడు లేడు: పాప ముడుచుకునే ఉంటుంది, చొంగ కారుతూనే ఉంటుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ప్రాణం తీసేది ఆ ఊపిరి ఇబ్బందే.

అట్రోపిన్ కొద్ది నిమిషాలకోసారి ఎక్కిస్తూ పోయారు, ఆ ఎంజైమ్‌ని విడిపించే పామ్ (ప్రాలిడాక్సిమ్) ఇంజెక్షన్ కూడా ఇచ్చారు. నేను ప్రతిసారీ కళ్ళలోకే చూస్తుంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు, పాప పెద్దదవడం కాదు, ఛాతీలో గురగుర తగ్గాలి, గుండె వేగం పెరగాలి, మేము చూసేది అదీ అంది. అర్ధరాత్రికి నోరు పొడారింది, నాన్న దుప్పటి లాగుతూ ఏదో మాట్లాడారు. అది అట్రోపిన్ వల్లేనని చెప్పేదాకా మాకు టెన్షనే. తేరుకున్నాక కూడా నాలుగు రోజులు పంపలేదు, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి కండరాలు మళ్ళీ నీరసించిపోవచ్చట. డాక్టరమ్మ పొద్దున, సాయంత్రం వచ్చి "తల దిండు మీంచి ఎత్తండి బాబాయిగారూ" అని చూసేది. నాన్న ఎత్తేవారు.

కొన్ని వారాలు మందు జోలికి వెళ్ళొద్దన్నారు, ఎంజైమ్ మళ్ళీ తయారు కావాలి కదా. మిగతా అర ఎకరం బాబాయ్ కొట్టాడు, కొత్త వాషరు వేసి, గాలివాలు చూసుకుని, రాగానే స్నానం చేసి బట్టలు విడిగా నానబెట్టాడు. ఆ సాయంత్రం వాకిట్లో బాబాయ్‌ని కూర్చోబెట్టి కళ్ళలోకి ఫోన్ టార్చి వేశాను. చీకట్లో పెద్దగా ఉన్న పాపలు వెలుతురు పడగానే ముడుచుకున్నాయి, తీసేస్తే మళ్ళీ విచ్చుకున్నాయి.